కాల్పులు ఆగాయి, చంపడం ఆగలేదు: శ్రీలంక శాంతి ఒప్పందం నీడలో పోయిన తమిళ ప్రాణాలు



పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

శ్రీలంక తమిళుల పోరాటం గురించి మన దగ్గర మాట వస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తాం. ఒకరు ప్రభాకరన్ అంటే వీరుడు అంటారు. ఇంకొకరు రాజీవ్ గాంధీని చంపినోళ్లు అంటారు. అంతటితో చర్చ అయిపోతుంది. కానీ ఆ చరిత్రలో విద్యార్థులుగా మనం తప్పకుండా తెలుసుకోవాల్సిన భాగం ఒకటి ఉంది. సైన్యానికీ పులులకీ మధ్య తుపాకులు ఆగిన రోజుల్లో, అంటే 2002 నుంచి 2006 దాకా, తమిళ నాయకులు, కార్యకర్తలు, విలేకరులు, టీచర్లు ఒక్కొక్కరుగా హత్యకు గురవుతూనే ఉన్నారు. వీళ్లు యుద్ధంలో మధ్యలో చిక్కుకుని పోయినవాళ్లు కారు. పేరు తెలుసుకుని, ఇల్లు కనుక్కుని, దారి కాచి చంపారు. పోయినవాళ్లు తమిళులు. చంపినవాళ్లలో కూడా ఎక్కువమంది తమిళులే.

శాంతి అని సంతకాలు పెట్టుకున్న కాగితం ఉండగానే ఇదంతా ఎట్లా జరిగింది? ఎందుకు జరిగింది? దాని వల్ల చివరికి ఎవరు నష్టపోయారు? ఈ మూడు ప్రశ్నలకే ఈ పోస్టు.

పోరాటం ఊరికే పుట్టలేదు

ముందు ఇది చెప్పకపోతే మిగతాదంతా ఒకవైపు మాటలా కనిపిస్తుంది. శ్రీలంకకు స్వతంత్రం వచ్చిన 1948లోనే, టీ తోటల్లో పనిచేసే లక్షలాది మంది తమిళ కూలీలకు పౌరసత్వం లేకుండా చేశారు. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం తెచ్చారు. 1970ల మొదట్లో యూనివర్సిటీ సీట్లకు తమిళ పిల్లలు సింహళ పిల్లలకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలి అనే పద్ధతి వచ్చింది. ఉద్యమం పుట్టింది అక్కడే, చదువుకునే పిల్లల మధ్యే. 1983 జులైలో కొలంబోలో, ఇంకా చాలా ఊళ్లల్లో, తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబెట్టారు. మనుషుల్ని రోడ్ల మీద చంపారు. ఆ తర్వాత వేలమంది యువకులు సాయుధ సంఘాల్లో చేరారు. తమిళుల బాధ నిజం, వాళ్ల కోపం నిజం. దాంట్లో ఎలాంటి అనుమానం అక్కర్లేదు.

బల్లకు ఇటువైపు ఆరు కుర్చీలు

1985 జులై, ఆగస్టు నెలల్లో భూటాన్ రాజధాని థింపూలో చర్చలు జరిగాయి. భారత ప్రభుత్వం పెట్టించిన చర్చలవి. శ్రీలంక ప్రభుత్వం ఒకవైపు కూర్చుంటే, ఇంకోవైపు తమిళుల తరఫున ఆరు సంస్థలు కూర్చున్నాయి. ఎల్‌టీటీఈ, టెలో, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్, ఈరోస్, ప్లాట్, పార్లమెంటరీ పార్టీ అయిన టీయూఎల్‌ఎఫ్. ఒకరంటే ఒకరికి పడకపోయినా ఆరుగురూ కలిసి ఒకే మాట మీద నాలుగు సూత్రాలు ముందు పెట్టారు. తమిళులు ఒక జాతి, వాళ్లకొక సొంత నేల ఉంది, వాళ్లకు స్వయం నిర్ణయాధికారం ఉంది, దీవిలో ఉన్న తమిళులందరికీ పౌరసత్వం, సమాన హక్కులు ఇవ్వాలి అని.

2002లో మళ్లీ చర్చల బల్ల వేసినప్పుడు తమిళుల వైపు ఒకే ఒక కుర్చీ ఉంది. మిగతా ఐదు కుర్చీలు ఏమయ్యాయి?

వరసగా చూడండి. థింపూ చర్చలప్పుడు కూడా కాల్పుల విరమణ ఉండింది. అది నడుస్తుండగానే 1985 సెప్టెంబరులో టీయూఎల్‌ఎఫ్ మాజీ ఎంపీలు ధర్మలింగం, ఆలాలసుందరం ఇద్దరినీ తీసుకుపోయి చంపేశారు. ఆ పని టెలో చేసిందనే అందరూ అన్నారు. అంటే సోదరుడి మీద తుపాకీ ఎత్తడం ఒక్క ఎల్‌టీటీఈ అలవాటే కాదు. కానీ దాన్ని ఒక పద్ధతిగా మార్చి, చివరిదాకా నడిపింది మాత్రం ఎల్‌టీటీఈ.

1986 ఏప్రిల్ చివర ఎల్‌టీటీఈ టెలో మీద విరుచుకుపడింది. కొద్ది రోజుల్లోనే టెలో కార్యకర్తలు వందల్లో చనిపోయారు. మే 6న టెలో నాయకుడు శ్రీ సబారత్నం హతమయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ వంతు వచ్చింది. 1989 జులై 13న కొలంబోలో టీయూఎల్‌ఎఫ్ నాయకుడు అమిర్తలింగం, ఆయన సహచరుడు యోగేశ్వరన్‌లను, మాట్లాడటానికి అని ఇంటికి వచ్చినవాళ్లే కాల్చేశారు. అప్పుడు కూడా ప్రేమదాస ప్రభుత్వంతో ఎల్‌టీటీఈ చర్చలు జరుపుతోంది, గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది సెప్టెంబరు 21న జాఫ్నా యూనివర్సిటీలో అనాటమీ చెప్పే డాక్టర్ రజని తిరణగమ సైకిల్ మీద ఇంటికి పోతుంటే కాల్చి చంపారు. ఆమె వయసు 35. సైన్యం చేసిన దౌర్జన్యాలనూ, భారత శాంతి సేన చేసినవాటినీ, తమిళ సంఘాలు చేసినవాటినీ ఒకే తూకంలో పెట్టి రాసిన మనిషి ఆమె.

1990 జూన్ 19న మద్రాసు కోడంబాక్కంలో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభతో పాటు ఆయన సహచరులు పన్నెండు మందికి పైగా హతమయ్యారు. ఇది మన దేశంలో జరిగింది. ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియకపోవచ్చు. 1990 మార్చిలో భారత శాంతి సేన వెనక్కి వచ్చినప్పుడు, పులుల భయంతో లంక విడిచి వచ్చిన ఈ ప్రత్యర్థి సంఘాలవాళ్లనూ వాళ్ల కుటుంబాలనూ ఒరిస్సాలోని మల్కన్‌గిరిలో శిబిరం వేసి ఉంచారు. మన ఏజెన్సీకి ఆనుకుని ఉన్న మల్కన్‌గిరే. ఎక్కడి జాఫ్నా, ఎక్కడి మల్కన్‌గిరి! సొంత జాతి తుపాకీకి భయపడి అంత దూరం వచ్చారు.

2002: సంతకాలు

2002 ఫిబ్రవరి 22న కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం తరఫున ప్రధాని రనిల్ విక్రమసింఘే, ఎల్‌టీటీఈ తరఫున ప్రభాకరన్ సంతకం పెట్టారు. నార్వే మధ్యవర్తి. ఒప్పందం అమలు చూడటానికి నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ దేశాల మనుషులతో ఒక పర్యవేక్షణ బృందం పెట్టారు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఏళ్ల తరబడి మూసి ఉన్న జాఫ్నా రోడ్డు తెరుచుకుంది. విడిపోయిన కుటుంబాలు కలుసుకున్నాయి. రోజూ శవాలు లెక్కపెట్టుకునే చోట నెలల తరబడి యుద్ధం చావు లేకుండా గడిచింది. ఆ ఒప్పందం వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి, దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ ఒప్పందంలోని రెండు అంశాలు పక్కపక్కన పెట్టి చదవండి. 1.8 అంశం ప్రకారం, సైన్యంతో కలిసి పనిచేస్తున్న తమిళ సాయుధ సంఘాల దగ్గర ఆయుధాలను నెల రోజుల్లో ప్రభుత్వం తీసేసుకోవాలి. ఆ సంఘాలవాళ్లు కావాలంటే సైన్యంలో చేరొచ్చు, కానీ ఉత్తర, తూర్పు ప్రాంతాలకు బయట పనిచేయాలి. తర్వాతి అంశాల ప్రకారం, ఎల్‌టీటీఈ సభ్యులు ఆయుధాలు లేకుండా రాజకీయ పని కోసం ప్రభుత్వ ప్రాంతాల్లోకి రావచ్చు. మొదట 50 మంది, తర్వాత ఇంకో 100 మంది, 90 రోజులు దాటాక ఎవరైనా.

రెండూ న్యాయంగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. విడివిడిగా చూస్తే న్యాయమే. కలిపి చూస్తే ఏమైంది? ప్రత్యర్థి చేతిలో తుపాకీ పోయింది. అతన్ని శత్రువుగా చూసేవాళ్లకు అతని వీధిలోకి రావడానికి దారి తెరుచుకుంది. అతన్ని కాపాడే బాధ్యత ఎవరిది అని మాత్రం ఎక్కడా గట్టిగా రాయలేదు. ఒప్పందం 2.1 అంశంలో పౌరుల మీద హింస, బెదిరింపు, అపహరణ చేయకూడదు అని ఉంది. చేస్తే ఏం చేస్తారు అనేది లేదు. పర్యవేక్షణ బృందానికి ఫిర్యాదు రాసుకోవడం, విచారించడం, ఇది ఉల్లంఘన అని చెప్పడం వరకే అధికారం. పట్టుకునే అధికారం లేదు, శిక్షించే అధికారం లేదు.

పేరు పెట్టి చంపడం

2003 జూన్ 14 పొద్దున. జాఫ్నా పట్నంలో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ వరదర్ వర్గం ముఖ్య నాయకుడు సుబద్దిరన్, అందరూ రాబర్ట్ అని పిలిచేవారు, పార్టీ ఆఫీసు మేడ మీద వ్యాయామం చేస్తున్నాడు. పక్కనున్న వేంబడి బాలికల పాఠశాల భవనంలో దాక్కున్న స్నైపర్ తుపాకీ పేల్చాడు. ఆయన అక్కడే చనిపోయాడు. జాఫ్నా అప్పుడు సైన్యం చేతిలో ఉన్న పట్నం. ఆడపిల్లల బడి మీద నుంచి గురి పెట్టారంటే ఎంత ధీమాతో చేశారో ఆలోచించండి.

2004 జులై 7న ఈపీడీపీ నాయకుడు, మంత్రి డగ్లస్ దేవానందను చంపడానికి ఒక ఆత్మాహుతి బాంబర్ వచ్చింది. తనిఖీలో దొరికిపోయి కొలంబో కొల్లుపిటియ పోలీస్ స్టేషన్లో పేల్చుకుంది. నలుగురు పోలీసులు చనిపోయారు. ఒప్పందం తర్వాత ఇది మొదటి ఆత్మాహుతి దాడి. ఆగస్టు 16న అదే పార్టీ మీడియా పనులు చూసే బాలనడరాజ అయ్యర్‌ను కొలంబోలో కాల్చేశారు. 2005 ఆగస్టు 12న విదేశాంగ మంత్రి లక్ష్మణ్ కదిర్గామర్‌ను ఆయన ఇంట్లోనే స్నైపర్ కొట్టాడు. ఆయన కూడా తమిళుడే. ఎల్‌టీటీఈ మీద విదేశాల్లో నిషేధం తేవడానికి గట్టిగా తిరిగిన మనిషి. ఎల్‌టీటీఈ మాకు సంబంధం లేదు అంది. 2005 అక్టోబరులో జాఫ్నాలో వరసగా రెండు రోజుల్లో ఇద్దరు కాలేజీ ప్రిన్సిపాళ్లను కాల్చి చంపారు.

సరిగ్గా కదిర్గామర్ చనిపోయిన తేదీకే, 2006 ఆగస్టు 12న, కేతీష్ లోగనాథన్‌ను కొలంబో పక్కన దెహివలలో ఇంటి దగ్గర కాల్చేశారు. ఈయన కథ వేరు. ఒకప్పుడు ఈపీఆర్‌ఎల్‌ఎఫ్‌లో పనిచేశాడు. థింపూ చర్చల్లో కూర్చున్నాడు. తర్వాత సంఘం వదిలేసి పరిశోధకుడిగా, రచయితగా మారాడు. ప్రభుత్వాలు చేజార్చుకున్న అవకాశాల గురించి పుస్తకమే రాశాడు. చనిపోయేనాటికి ప్రభుత్వ శాంతి సచివాలయంలో డిప్యూటీ హోదాలో ఉన్నాడు. ఆయన చేతిలో తుపాకీ లేదు, కలమే ఉంది.

ఇవి పేరున్నవాళ్ల చావులు. పేరు బయటికి రాని కింది కార్యకర్తలు, ఎప్పుడో సంఘం వదిలేసి దుకాణం పెట్టుకున్నవాళ్లు, వాళ్ల చుట్టాలు ఎంతోమంది ఉన్నారు. ఒప్పందం కుదిరిన నాటి నుంచి రాజకీయ కారణాలతో హత్యకు గురైన తమిళులు 200 మందికి పైనే అనీ, అందులో ఎక్కువ ఎల్‌టీటీఈ చేసినవే అనీ 2006 మార్చిలో హ్యూమన్ రైట్స్ వాచ్ రాసింది. నార్డిక్ బృందం 2007 దాకా లెక్కగట్టిన ఉల్లంఘనలు చూస్తే ఎల్‌టీటీఈ పద్దు కింద 3,800కు పైగా, ప్రభుత్వం పద్దు కింద 350 దాకా ఉన్నాయి. ఎల్‌టీటీఈ పద్దులో పెద్ద భాగం చిన్న పిల్లల్ని దళాల్లోకి లాక్కుపోవడం, మనుషుల్ని ఎత్తుకుపోవడం.

శాంతి వస్తే ప్రత్యర్థి ఎందుకు మరీ ప్రమాదం?

యుద్ధంలో చంపారంటే అర్థం చేసుకోవచ్చు, శాంతిలో ఎందుకు చంపాలి అని అడుగుతాం. జవాబు తిరగేసి చూస్తే దొరుకుతుంది. యుద్ధం నడిచినన్నాళ్లు ఎవరి చేతిలో తుపాకీ ఉందో వాళ్లదే మాట. శాంతి వస్తే ఎన్నికలు వస్తాయి, సభలు వస్తాయి, పత్రికలు వస్తాయి. తుపాకీ లేనివాడు కూడా నిలబడి ఓటు అడగొచ్చు. యుద్ధంలో పనికిరాడనుకున్న ప్రత్యర్థికి శాంతిలో విలువ పెరుగుతుంది.

ఎల్‌టీటీఈ మొదటి నుంచీ పట్టుబట్టింది ఒకే మాట మీద: తమిళులకు మేమే ఏకైక ప్రతినిధి. ఈ మాట నిలబడాలంటే రెండో గొంతు ఉండకూడదు. 2003 అక్టోబరు 31న ఎల్‌టీటీఈ ఇచ్చిన తాత్కాలిక పాలన ప్రతిపాదన చూడండి. పాలక మండలిలో పూర్తి మెజారిటీ మాదే ఉండాలి, ఐదేళ్లలో తుది ఒప్పందం కుదరకపోతే అప్పుడు ఎన్నికలు అని రాశారు. ఐదేళ్ల తర్వాతైనా ఎన్నిక అంటే, ఆ నాటికి పోటీకి ఎవరు మిగలాలి అనే లెక్క ఈనాడే మొదలవుతుంది.

మిగతావాళ్లకు రెండు దారులు మిగిలాయి. లొంగిపోవడం, లేదా భయపడుతూ బతకడం. 2001లో ఏర్పడిన తమిళ జాతీయ కూటమిలో టెలో, టీయూఎల్‌ఎఫ్ చేరాయి. తమ నాయకులను చంపినవాళ్లనే ఏకైక ప్రతినిధి అని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒప్పుకోనన్న టీయూఎల్‌ఎఫ్ నాయకుడు ఆనందసంగరి సొంత పార్టీలోనే ఒంటరి అయ్యాడు. 2004 ఎన్నికల్లో కూటమికి 22 సీట్లు వచ్చాయి, ఆయన ఓడిపోయాడు. అయినా ప్రభాకరన్‌కు బహిరంగ లేఖలు రాయడం ఆపలేదు. బతికి బయటపడ్డ కొద్దిమందిలో ఆయన ఒకడు.

మరి ప్రభుత్వం, విదేశాలవాళ్లు ఏం చేశారు? గట్టిగా అడిగితే ఎల్‌టీటీఈ బల్ల వదిలి లేచిపోతుందని భయం. మనవ హక్కుల విషయం చర్చల్లోకి రాలేదని కాదు. అమ్నెస్టీ మాజీ ప్రధాన కార్యదర్శి ఇయాన్ మార్టిన్‌ను సలహాదారుగా పెట్టారు, 2003 మార్చిలో జపాన్‌లో జరిగిన ఆరో విడత చర్చల్లో దాని మీద మాట్లాడారు. ఏప్రిల్‌లో ఎల్‌టీటీఈ చర్చల నుంచే తప్పుకుంది. ఆ పని అక్కడే ఆగిపోయింది. 2005 చివర్లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక పరిశీలకుడు ఫిలిప్ ఆల్స్టన్ వచ్చి చూసి, ఈ హత్యలను కాల్పుల విరమణకు తగిలిన చిన్న దెబ్బలుగా చూడొద్దన్నాడు. జనాన్ని నోరెత్తకుండా చేయడానికీ, విడదీయడానికీ చేస్తున్న హత్యలివి అని తేల్చాడు. తమిళ ప్రాంతంలో తమిళం రాని పోలీసులు, సాక్ష్యం చెప్పడానికి భయపడే జనం, ముందుకు కదలని కేసులు, ఇవన్నీ రాశాడు.

అంటే ఏమైంది? ఒప్పందం ఇద్దరి మధ్య. ఆ ఇద్దరిలో ఎవరి మనిషీ కాని మూడోవాడు ఎవరి లెక్కలోనూ లేడు.

తూర్పున పగిలిన ఇల్లు

2004 మార్చి 3న పెద్ద దెబ్బ తగిలింది. తూర్పు ప్రాంత కమాండర్ కరుణ, అసలు పేరు వినాయగమూర్తి మురళీధరన్, ఎల్‌టీటీఈ నుంచి విడిపోయాడు. ప్రాణాలిచ్చే పిల్లలు తూర్పు నుంచి, పెత్తనం మాత్రం ఉత్తరానిది అనేది ఆయన చెప్పిన ఫిర్యాదు. ఆయన స్వార్థం ఆయనకుంది, కానీ ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. సంస్థ లోపల ఇట్లాంటి మాట చెప్పుకునే చోటే లేనప్పుడు అది చీలికగానే బయటికి వస్తుంది.

ఏప్రిల్‌లో ఉత్తరం దళాలు వెరుగల్ నది దాటి వచ్చి కొట్టాయి. కరుణ తన దళాలను ఇంటికి పంపేసి తప్పించుకున్నాడు. ఇంటికి చేరిన పిల్లల కోసం ఎల్‌టీటీఈ మళ్లీ వాళ్ల గుమ్మాల ముందుకు వచ్చింది. జులై 25న కొలంబో దగ్గర కొట్టావలో ఒక ఇంట్లో కరుణ మనుషులు ఏడుగురు, వాళ్లతో ఉన్న ఒక సింహళీయుడు హతమయ్యారు. ఆ తర్వాత బట్టికలోవా జిల్లాలో ఈ వైపు ఒకడు పోతే ఆ వైపు ఒకడు పోవడం మామూలైపోయింది.

అక్కడ ఇంకొకరున్నారు. వెరుగల్, వాకరై తీరంలో తీర వెద్దాలు ఉంటారు. శ్రీలంక ఆదివాసులైన వెద్దాలలో తమిళం మాట్లాడేవాళ్లు వీళ్లు. చేపలు పట్టుకుని, పోడు చేసుకుని బతికేవాళ్లు. 2006 చివర నుంచి 2007 జనవరి దాకా వాకరై యుద్ధభూమి అయింది. వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలి పారిపోయాయి. ఏకైక ప్రతినిధి ఎవరు అనే గొడవలో గానీ, చర్చల బల్ల దగ్గర గానీ వెద్దాలకు ఒక స్టూలు కూడా లేదు.

అదే కత్తి ఇటు తిరిగింది

కరుణ వర్గం సైన్యం నీడలోకి వెళ్లాక, చంపే పద్ధతి అదే ఉంది, చచ్చేవాళ్ల పేర్లు మారాయి. 2004 మే 31న బట్టికలోవాలో విలేకరి నడేశన్. 2005 ఫిబ్రవరి 7న ఎల్‌టీటీఈ తూర్పు రాజకీయ విభాగం నాయకుడు కౌసల్యన్, ఆయనతో ఉన్న మాజీ ఎంపీ చంద్రనెహ్రూ. ఏప్రిల్ 28 రాత్రి కొలంబోలో తారకి పేరుతో రాసే ప్రసిద్ధ విలేకరి శివరాంను ఎత్తుకుపోయారు, మర్నాడు పార్లమెంటు దగ్గర శవం దొరికింది. డిసెంబరు 25న బట్టికలోవా చర్చిలో అర్ధరాత్రి క్రిస్మస్ ప్రార్థన జరుగుతుంటే కూటమి ఎంపీ జోసెఫ్ పరరాజసింగంను కాల్చేశారు. 2006 జనవరి 2న ట్రింకోమలి బీచ్ దగ్గర ఐదుగురు తమిళ విద్యార్థులను భద్రతా దళాలు చంపాయి. అదే ఏడాది నవంబరు 10న కొలంబోలో ఎంపీ రవిరాజ్.

న్యాయం? పరరాజసింగం కేసులో 2015లో అరెస్టయిన పిళ్లయాన్, 2008లో తూర్పు ప్రాంతానికి మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి, 2021లో ఆ కేసు నుంచి విడుదలయ్యాడు. రవిరాజ్ కేసులో నిందితులను 2016 డిసెంబరులో జ్యూరీ వదిలేసింది.

కాబట్టి ఎల్‌టీటీఈ ఒక్కటే చంపింది అంటే అబద్ధం. ప్రభుత్వం వైపు నుంచి జరిగిన హత్యలకు బాధ్యత ఇంకా ఎక్కువ, ఎందుకంటే చట్టం కాపాడతానని ప్రమాణం చేసింది వాళ్లు. ఒకరి పాపం ఇంకొకరి పాపాన్ని కడిగేయదు.

వాళ్లు ద్రోహులే కదా అనేవాళ్లకు

ఈ మాట తప్పకుండా వస్తుంది కాబట్టి ఇక్కడే మాట్లాడుకుందాం. చనిపోయినవాళ్లంతా మచ్చలేనివాళ్లు కాదు. ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ శాంతి సేన ఉన్న రోజుల్లో పిల్లలను బలవంతంగా దళంలో చేర్చింది. ఈపీడీపీ ఏళ్ల తరబడి సైన్యంతో కలిసి నడిచింది, దాని మీదా హత్యల ఆరోపణలున్నాయి. కరుణ గురించి చెప్పక్కర్లేదు.

అయితే ద్రోహి అని తేల్చింది ఎవరు? ఫిర్యాదు చేసినవాడే జడ్జి, అతనే తలారి. చెప్పుకోవడానికి ఎదుటివాడికి ఒక్క రోజు గడువు కూడా లేదు. ఒకసారి ఆ దారి తెరిస్తే ద్రోహి అనే మాట సాగిపోతూనే ఉంటుంది. మొదట సైన్యానికి సమాచారం ఇచ్చినవాడు ద్రోహి. తర్వాత వేరే పార్టీలో ఉన్నవాడు. తర్వాత వేరే పార్టీలో ఒకప్పుడు ఉండినవాడు. తర్వాత ప్రశ్న అడిగిన ప్రొఫెసరు. చివరికి సంస్థలో ఇరవై ఏళ్లు పనిచేసిన సొంత కమాండరు. 1975లో జాఫ్నా మేయర్ దురయప్పతో మొదలైన జాబితా 2006లో కేతీష్ లోగనాథన్ దాకా వచ్చింది. ఆ మాటకు అంతు లేదు. అడవి ఊళ్లల్లో ఇన్‌ఫార్మర్ అనే ముద్ర ఎంత బరువో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

చివరికి మిగిలిందేంటి

2005 నవంబరు 17న అధ్యక్ష ఎన్నిక. తమిళులు ఓటేయొద్దని ఉత్తరాన ఎల్‌టీటీఈ ఆపింది. జాఫ్నాలో ఓటు వేసినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. మహింద రాజపక్స సుమారు 1,80,000 ఓట్ల తేడాతో గెలిచాడు. ఇది మన నెత్తి మీదికే వస్తుంది, ఓటేద్దాం అని తమిళ సమాజంలో గట్టిగా చెప్పగల మనిషి ఎవరు మిగిలారు? చెప్పగలిగినవాళ్లు కొందరు మట్టిలో ఉన్నారు, కొందరు దేశం బయట ఉన్నారు, మిగతావాళ్లు నోరు కట్టుకుని ఉన్నారు.

2006లో మళ్లీ యుద్ధం మొదలైంది. 2008 జనవరి 16న ఒప్పందం కాగితం మీద కూడా ముగిసిపోయింది. ఎల్‌టీటీఈ లోగుట్టు తెలిసిన కరుణ ప్రభుత్వం వైపు ఉన్నాడు, తర్వాత మంత్రి అయ్యాడు. 2009 మేలో ముల్లివాయ్కాల్ దగ్గర అంతా అయిపోయింది. ఆ చివరి నెలల్లో చనిపోయిన పౌరులు 40,000 దాకా ఉండొచ్చని 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రాసింది. ఆ చావులకు ప్రధాన బాధ్యత ఆస్పత్రుల మీద, జనం మీద గుండ్లు కురిపించిన సైన్యానిది. జనాన్ని పోనీయకుండా మధ్యలో నిలబెట్టుకున్న ఎల్‌టీటీఈది కూడా.

ఏకైక ప్రతినిధి పడిపోయిన రోజు, తమిళుల తరఫున లేచి నిలబడటానికి రెండో ప్రతినిధి లేడు. ముప్పై ఏళ్లలో తయారైన నాయకులు, న్యాయవాదులు, రాసేవాళ్లు, యూనివర్సిటీ మేధావులు, వాళ్లలో ఎంతోమందిని ఆ జాతి తన చేత్తోనే పోగొట్టుకుంది. సింహళ ప్రభుత్వం చేసిన నష్టం పక్కన ఈ నష్టాన్ని కూడా రాసుకోవాలి.

మనం దీన్నుంచి ఏం తీసుకోవాలి? నాకు తోచింది ఇది. ఎక్కడైనా శాంతి ఒప్పందం అనే మాట వింటే, సంతకం పెట్టిన ఇద్దరి గురించే కాదు, పెట్టని మూడోవాడి గురించి కూడా అడగాలి. అతనికి కాపలా ఎవరు, అతని ఫిర్యాదు వినేది ఎవరు, విన్నాక చేతల్లో ఏం చేస్తారు? అట్లాగే ఐక్యత పేరుతో ఎవరైనా ముందు గెలుద్దాం, ప్రశ్నలు తర్వాత అంటే, ఆ తర్వాత అనేది ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పమనాలి. థింపూలో ఆరు కుర్చీలు వేసుకుని, గొడవపడుతూనే ఒక మాట మీదికి రాగలిగారు. ఆ ఆరు కుర్చీలే ఆ జాతి బలం. అది వాళ్లకు అర్థమయ్యేసరికి కుర్చీలు ఖాళీ అయిపోయాయి.

మీకు తెలిసిన వివరాలుంటే, నేను రాసినదాంతో ఒప్పుకోకపోయినా సరే, కింద రాయండి. మర్యాదగా మాట్లాడుకుందాం. వేరే మాట వినగలగడం దగ్గరే మొదలుపెడదాం.

జోహార్.